కవిత్వంలో, కథలో వైరుధ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

అలంకారాలు చదువుకునేవాళ్ళు, కొత్తగా కవితలూ కథలూ రాస్తున్నవాళ్ళు విరోధాభాస గురించి మళ్ళీ మళ్ళీ అడిగే సందేహాలు ఇవి. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఎక్కడ మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

## పేర్లు, తేడాలు

విరోధాభాస అంటే ఒకదానికొకటి విరుద్ధంగా మాట్లాడడమేనా?

కాదు. పేరులోనే ఉంది: అది విరోధం కాదు, విరోధంలా కనబడడం. వినగానే రెండు మాటలు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు ఉంటాయి. క్షణం ఆగి ఇంకో అర్థం పట్టుకుంటే సర్దుకుంటాయి. అప్పయ్య దీక్షితులు కువలయానందం అనే అలంకారగ్రంథంలో చెప్పిన లక్షణం "ఆభాసత్వే విరోధస్య విరోధాభాస ఇష్యతే", అంటే విరోధం పైకి కనబడేది మాత్రమే అయితే అది విరోధాభాస. తెలుగులో ఒక చిన్న వాక్యం చూడండి: "చేతిలో అర్థం లేని కవి మాటమాటలోనూ అర్థం నింపాడు." మొదటి అర్థం డబ్బు, రెండోది భావం. అది తట్టేదాకా వాక్యం తలకిందులుగా ఉంటుంది, తట్టాక నిలబడుతుంది. ఈ రెండు దశలూ ఉండాలి. మొదటిది లేకపోతే మామూలు వాక్యం, రెండోది లేకపోతే దోషం.

వైరుధ్యం, పారడాక్స్, ఆక్సిమోరాన్, ఐరనీ అన్నీ ఒకటేనా?

దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. పరిమాణాన్ని బట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. ఆక్సిమోరాన్ రెండు మాటల్లో అయిపోతుంది: "చల్లని మంట" లాంటిది. ఆ పేరే దానికి ఉదాహరణ, గ్రీకులో "ఆక్సుస్" అంటే పదునైనది, "మోరోస్" అంటే మొద్దు. పారడాక్స్‌కి కనీసం ఒక వాక్యం కావాలి. "డోక్సా" అంటే నలుగురూ అనుకునేది, దానికి అడ్డంగా పోయేది పారడాక్స్. మన విరోధాభాస దీనికి బాగా దగ్గర. వైరుధ్యం అన్నది ఇంకా పెద్ద మాట, ఒక పాత్ర అంతటా, ఒక నవల అంతటా పరుచుకుని ఉండవచ్చు. ఐరనీలో రెండు మాటలు ఢీకొనవు. పాత్రకు తెలిసినదానికీ జరుగుతున్నదానికీ, లేదా అన్నమాటకూ ఉద్దేశానికీ మధ్య దూరం ఉంటుంది.

విభావన, విశేషోక్తి, అసంగతి కూడా విరోధమే కదా, ఇన్ని పేర్లెందుకు?

విరోధం ఎక్కడ ఉందో చెప్పడానికి. ఈ మూడింటిలోనూ పేచీ కారణానికీ కార్యానికీ మధ్య వస్తుంది. కారణం లేకుండా కార్యం పుడితే విభావన: లత్తుక పూయకుండానే పాదాలు ఎర్రగా ఉన్నాయి. కారణం నిండుగా ఉన్నా కార్యం పుట్టకపోతే విశేషోక్తి: గుండెలో మన్మథదీపం వెలుగుతూనే ఉంది, స్నేహం మాత్రం తరగలేదు. ఇక్కడ స్నేహం అంటే నూనె కూడా. కారణం ఒకచోట, కార్యం ఇంకోచోట ఉంటే అసంగతి: మేఘాలు విషం తాగాయి, మూర్ఛపోయింది మాత్రం దూరదేశం వెళ్ళినవాళ్ళ భార్యలు. సంస్కృతంలో విషం అంటే నీరు కూడా. మూడూ కువలయానందంలోని ఉదాహరణలే.

ఇది పరీక్షకు మాత్రమే పనికొచ్చే వర్గీకరణ అని చాలామంది అనుకుంటారు. రాసేవాళ్ళకే ఎక్కువ ఉపయోగం. మీ పంక్తి ఎందుకు పేలవంగా ఉందో తెలియనప్పుడు, కారణం తీసేసి చూడండి, లేదా కార్యాన్ని ఇంకొకరి ఒంటి మీదికి మార్చి చూడండి. అసంగతి ఒక్కటే ఎన్నో ప్రేమకవితల్ని నిలబెట్టగలదు.

విరోధం పది రకాలంటారు. నాలుగు నాలుగులు పదహారు కావాలి కదా?

జాతి (ఒక తరగతి), గుణం, క్రియ (పని), ద్రవ్యం (ఒక్క వస్తువు) అని నాలుగు. జాతికి నాలుగింటితోనూ విరోధం చెప్పవచ్చు. గుణానికి జాతితో విరోధం అప్పటికే లెక్కలోకి వచ్చింది కాబట్టి మిగిలినవి మూడు. క్రియకు రెండు, ద్రవ్యానికి ద్రవ్యంతో ఒకటి. 4+3+2+1 మొత్తం పది. అలంకారశాస్త్రకారుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో వేసిన లెక్క ఇది.

పొడుపుకథ కూడా విరోధాభాసేనా?

చాలా పొడుపుకథలు అవే. "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." తలుపు అన్నాక చప్పుడు ఉండాలి, ఇక్కడ లేదు. కనురెప్పలు అని తెలియగానే విరోధం పోతుంది. తేడా ఒక్కటే: పొడుపుకథ విషయం పేరు దాచిపెడుతుంది, విప్పగానే పని అయిపోతుంది. కవితలో విషయం పేరు కళ్ళముందే ఉంటుంది, విప్పిన తర్వాత కూడా రెండోసారి చదవాలనిపించాలి. మీ కవిత విప్పగానే అయిపోతోందంటే మీరు పొడుపుకథ రాశారన్నమాట.

నిందాస్తుతి ఈ కోవలోకి వస్తుందా?

వస్తుంది. శాస్త్రంలో దాని పేరు వ్యాజస్తుతి. "గంగా, నీకు వివేకం ఎక్కడుంది, పాపుల్ని స్వర్గానికి తీసుకుపోతున్నావు" అన్నప్పుడు మాట నింద, తాత్పర్యం పొగడ్త. విరోధం రెండు మాటల మధ్య కాక, మాటకూ ఉద్దేశానికీ మధ్య ఉంటుంది.

## చదివేటప్పుడు

ఒక పంక్తి తనకు తానే విరుద్ధంగా ఉంటే మొదట ఏం చూడాలి?

ముందు అందులోని ఒక్కో మాటకు రెండో అర్థం ఉందేమో చూడండి. పాత పద్యాల్లో ఎక్కువభాగం శ్లేషతోనే విడిపోతాయి, నిఘంటువు చేతిలో ఉంటే చాలు. అక్కడ దొరక్కపోతే కాలం చూడండి: ఒక సగం అప్పటి మాట, ఇంకో సగం ఇప్పటి మాట కావచ్చు. తర్వాత గొంతు: రెండు సగాల్నీ ఒకే మనిషి అంటున్నాడా, లేక ఒకటి లోకం అనేది, ఇంకొకటి కవి అనేదా? చివరిగా కోణం: బయటినుంచి ఒకలా, లోపలినుంచి ఒకలా ఉన్న సంగతా?

ఈ నాలుగూ అయ్యాక కూడా విడిపోకపోతే, అది విడిపోకూడదనే రాసి ఉండవచ్చు. ఎక్కువమంది చేసే పొరపాటు మొదటి అడుగు దాటేసి నేరుగా "ఇందులో గొప్ప తత్త్వం ఉంది" అనేయడం.

ప్రతి వైరుధ్యానికీ పరిష్కారం ఉండి తీరాలా?

అలంకారమైతే ఉండాలి. అనుభవమైతే అక్కర్లేదు. పోతన గజేంద్రమోక్షంలోని కందం గుర్తు చేసుకోండి. మొదటి మూడు పాదాల్లో "కలఁడందురు" అని మూడుసార్లు వస్తుంది: దీనుల యెడ, పరమయోగి గణాల పాల, అన్ని దిశలా. మూడుసార్లూ అది లోకం మాటే, "అందురు". నాలుగో పాదం "కలఁడు గలండనెడివాఁడు గలఁడో లేఁడో". ఈ ఒక్క పాదంలోనే ఇంకో మూడు "కలడు"లు ఉన్నాయి. అంటే ఆరు "ఉన్నాడు"లు చెప్పి, చిట్టచివర ఒక్క "లేడో" పెట్టాడు. ఆ ఒక్కటి ఆరింటినీ వణికిస్తుంది. పైగా కందంలో నాలుగో పాదానికి అయిదు గణాలు, మూడోదానికి మూడే. సందేహానికి చోటున్న పాదంలోనే సందేహం పడింది. చివరి గణం మొత్తం "లేఁడో", రెండూ గురువులే. నాలుక మీద బరువుగా ఆగుతుంది.

పిలుస్తున్నవాడే ఉన్నాడో లేడో అంటున్నాడు, అయినా పిలుస్తున్నాడు. దీన్ని పద్యం లోపల ఎవరూ విప్పరు, విప్పితే ఆ గొంతులోని ఆర్తి పోతుంది. ఇంగ్లీషు కవి కీట్స్ 1817 డిసెంబరులో తమ్ముళ్ళకు రాసిన ఉత్తరంలో "నెగటివ్ కేపబిలిటీ" అన్నది ఇలాంటి శక్తినే: సందేహంలో, తేలనితనంలో, సమాధానం కోసం చిరాకుగా చేతులు చాచకుండా ఉండగలగడం.

కవి పొరపాటు పడ్డాడో, కావాలనే రాశాడో ఎలా తెలుస్తుంది?

పొరపాటుకు శాస్త్రంలో పేరుంది, వ్యాహతం. మమ్మటుడు దాన్ని అర్థదోషాల్లో చేర్చాడు. చంద్రకళలాంటివి నా మనసుకు ఆనవని చెప్పినవాడే, అదే ఊపులో ప్రియురాలిని కన్నులకు వెన్నెల అని పొగిడితే అది వ్యాహతం. ముందు కాదన్నదాన్నే తర్వాత గొప్ప చెయ్యడానికి వాడుకున్నాడు, ఆ సంగతి అతనికే తెలియదు.

కావాలని రాసినదానికి గుర్తు: విరుద్ధమైన రెండు మాటలూ దగ్గరదగ్గరగా ఉంటాయి, ఒకదాన్నొకటి చూసుకుంటాయి. పొరపాటులో దూరంగా ఉంటాయి, ఒకటి రాసేటప్పుడు రెండోది గుర్తులేనట్టు కనిపిస్తుంది. ఇది నూటికి నూరుపాళ్ళు పనిచేసే కొలత కాదు గానీ ఎక్కువసార్లు దారి చూపిస్తుంది.

ఉపనిషత్తుల్లో "అది కదులుతుంది, అది కదలదు" లాంటివి కూడా అలంకారాలేనా?

చూపులకు అదే నిర్మాణం, పని వేరు. ఈశావాస్యం అయిదో మంత్రం "తదేజతి తన్నైజతి తద్దూరే తద్వంతికే". కదులుతుంది, కదలదు, దూరాన ఉంది, దగ్గరా ఉంది. కవి విరోధాభాసలో రెండో అర్థం దొరికితే మాట స్థిమితపడుతుంది. ఇక్కడ ఉద్దేశం వేరు: కదలిక, దూరం అనే కొలతలే పరబ్రహ్మకు సరిపోవని చూపించడం. భాష్యకారులు ఉపాధిభేదంతో (తనంతట కదలదు, శరీరం లాంటి ఆధారాల వల్ల కదిలినట్టు కనబడుతుంది అని) దీన్ని సమన్వయం చేశారు, అది శాస్త్రం పని. కవితలా చదివేవారికి మాత్రం రెండు వాక్యాలనూ ఒకే ఊపిరిలో ఉంచుకోవడమే చదవడం.

ఏడవాల్సినచోట శృంగారం ఎందుకు వస్తుంది? అది రసవిరోధం కాదా?

పక్కపక్కన ఉంచితే విరోధమే. ఒకదాన్ని ఇంకోదానికి లొంగదీస్తే కాదు. ధ్వన్యాలోకం అనే కావ్యశాస్త్రగ్రంథం మూడో ఉద్ద్యోతంలో (అధ్యాయంలో) ఆనందవర్ధనుడు ఈ సమస్యను తీరిగ్గా విడదీశాడు. భారతం స్త్రీపర్వంలో భూరిశ్రవుడి తెగిన చేతిని అతని భార్య పట్టుకుని ఏడుస్తూ, మొలనూలు లాగిన చెయ్యి ఇదే, పోకముడి సడలించిన చెయ్యి ఇదే అంటుంది. ఆ జ్ఞాపకాలన్నీ శృంగారానివి. పట్టుకున్నది మాత్రం శవం నుంచి వేరైన చెయ్యి. "ఇదే" అన్న ప్రతిసారీ శోకం పెరుగుతుంది, ఎందుకంటే ఆ చెయ్యి ఏమేం చేసేదో చెప్పినకొద్దీ ఇక చెయ్యలేనిదేమిటో తెలుస్తుంది.

రెండు రసాలు నిజంగా పడనివైతే ఆయన చెప్పిన మందులు ఇవి: రెండింటినీ వేర్వేరు పాత్రల్లో పెట్టడం (వీరం నాయకుడిలో, భయం శత్రువులో), మధ్యలో రెండింటికీ పడే ఇంకో రసాన్ని ఉంచడం, లేదా ఒకదాన్ని అంగంగా చిన్నది చెయ్యడం. సినిమాకు స్క్రిప్టు రాసేవాళ్ళకు కూడా అక్షరాలా పనికొచ్చే మాటలివి.

## రాసేటప్పుడు

మొదలు ఎక్కడ పెట్టాలి? వైరుధ్యాలు ఎలా దొరుకుతాయి?

ప్రేమ, మరణం, కాలం లాంటి పెద్ద మాటల దగ్గర మొదలుపెట్టకండి. అక్కడ దొరికేవన్నీ వాడేసినవే. చేతిలో పట్టే వస్తువు తీసుకోండి. రబ్బరు అనుకుందాం. దాని గురించి నిజాలు పది రాయండి. వాటిలో ఒకదాన్నొకటి తగిలేవి రెండు వెతకండి: తప్పుల్ని పోగొడుతుంది, పోగొట్టినకొద్దీ తానే పోతుంది. ఇంకాస్త తవ్వితే, తప్పు చెయ్యని పిల్లాడి రబ్బరు ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది. ఇప్పుడు కవిత ఎవరి గురించో మీకే తెలుస్తుంది.

పదిలో మొదటి నాలుగైదు అందరికీ తట్టేవే ఉంటాయి. పనికొచ్చేది సాధారణంగా ఏడో ఎనిమిదో దగ్గర వస్తుంది, అందుకే పది రాయమనడం.

"తీయని బాధ" అని రాస్తే పాతబడింది అంటున్నారు. మరి ఏం రాయాలి?

నిజమే, "తీయని బాధ", "మౌనభాష", "బతికున్న శవం" ఇప్పుడు ఎవర్నీ ఆపవు. విరోధం అరిగిపోయి ఒకే మాటలా అయిపోయాయి. విశేషణం మార్చి "చేదు బాధ", "తేనె బాధ" అని రాయడం మందు కాదు. ఆ అనుభవం ఒంటికి ఎక్కడ జరుగుతుందో చూడండి. పన్ను ఊడిన చోటికి నాలుక పదేపదే పోతుంది. నొప్పి అని తెలుసు, వద్దనుకుంటాం, మళ్ళీ పోతుంది. అది రాస్తే "తీయని" అన్న మాట అక్కర్లేదు, "బాధ" అన్న మాట కూడా అక్కర్లేదు.

ఒక కవితలో ఎన్ని పెట్టవచ్చు?

పన్నెండు పదిహేను పంక్తుల కవితకు ఒకటి చాలు. రెండోది పెడితే అది మొదటిదాని లోపలికి దిగాలి, పక్కన నిలబడకూడదు. కుప్పగా పోస్తే పాఠకుడు విప్పడం మానేసి చప్పుడు మాత్రమే వింటాడు. షేక్‌స్పియర్‌కు ఈ సంగతి తెలుసు. "రోమియో అండ్ జూలియట్" మొదటి అంకంలో రోమియో వరసగా ఆక్సిమోరాన్లు కురిపిస్తాడు, సీసపు ఈక, చల్లని నిప్పు, జబ్బు ఆరోగ్యం అంటూ. అప్పటికి అతను జూలియట్‌ను చూడలేదు, రోజలిన్ మీద ప్రేమలో ఉన్నానని అనుకుంటున్నాడు. ఆ గుట్టలోనే అది అరువు ప్రేమ అని తెలుస్తుంది.

"అయినా", "కానీ" పెట్టాలా, తీసెయ్యాలా?

సంస్కృతంలో "అపి" చేసే పనిని తెలుగులో "అయినా" చేస్తుంది: ఇక్కడ విరోధం ఉంది, చూడండి అని వేలు పెట్టి చూపిస్తుంది. పాట, ఉపన్యాసం, శతకపద్యం లాంటి ఒక్కసారి విని పట్టుకోవలసినవాటికి అది కావాలి. కాగితం మీద చదివే కవితకు తీసేసి చూడండి.

"ఇల్లు నిండా జనం, అయినా ఇల్లు ఖాళీ."

"ఇల్లు నిండా జనం. ఇల్లు ఖాళీ."

"ఇల్లు నిండా జనం. ఆమె గోడవైపు తిరిగి మాట్లాడుతోంది."

మొదటిదానిలో కవి వివరించాడు. రెండోదానిలో పాఠకుడు గెంతాడు. మూడోదానిలో ఖాళీ అన్న మాటే లేదు, ఖాళీ ఉంది. ఎప్పుడూ మూడోదే మంచిదని కాదు. కవిత చివరి పంక్తికి రెండోది బాగుంటుంది, మధ్యలో మూడోది.

ఆటవెలదిలో రాస్తున్నాను. విరోధం ఏ పాదంలో రావాలి?

మకుటం పెడితే నాలుగో పాదం దానికే పోతుంది, మీకు మిగిలేవి మూడే. మొదటి పాదంలో లోకం అనేది, రెండోదానిలో దానికి అడ్డొచ్చేది, మూడోదానిలో రెండింటినీ కలిపే దృష్టాంతం పెట్టండి. మూడో పాదంలో కొత్త విరోధం తెస్తే విప్పడానికి చోటుండదు, పద్యం కుంటుతుంది.

నా కథలో పాత్ర ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ప్రవర్తిస్తోంది. లోపమంటున్నారు.

రెండు ప్రవర్తనలకూ ఒకే వేరు ఉంటే లోపం కాదు. పైసా పైసా లెక్కపెట్టే మనిషి తప్పిపోయిన కుక్క కోసం జీతం పోగొట్టుకుని వారం రోజులు తిరిగాడు. పైకి పిసినారితనం, త్యాగం. లోపల ఉన్నది ఒక్కటే, ఏదైనా చేజారిపోవడమంటే భయం. ఆ వేరు మీకు తెలిసి ఉండాలి, కథలో చెప్పక్కర్లేదు.

పాఠకులు లోపమనేది ఎక్కువగా రెండో ముఖం ఆలస్యంగా వచ్చినప్పుడు. కథ చివరి పేజీలో హఠాత్తుగా మంచివాడైతే అది పాత్ర మార్పు కాదు, రచయిత అవసరం. కథ మొదటి మూడోవంతులోపే చిన్న పనిలో ఆ రెండో ముఖాన్ని చూపించండి: విరిగిన పెన్ను మూత కూడా డ్రాయర్లో దాచుకుంటాడు. అంతే చాలు.

కథ నిర్మాణంలో, అంటే ప్లాట్‌లో, వైరుధ్యాన్ని ఎలా వాడాలి?

రెండు పాత నమూనాలు ఇప్పటికీ బలంగా ఉన్నాయి. ఒకటి ఈడిపస్ కథ: జోస్యం నుంచి పారిపోయిన దారే జోస్యం దగ్గరికి తీసుకెళ్తుంది. నివారణే కారణమవుతుంది. ఇది రాసేటప్పుడు పాత్ర తీసుకునే ప్రతి నిర్ణయం అప్పటికి తెలివైనదిగా ఉండాలి. మూర్ఖంగా నడిచి గోతిలో పడితే వైరుధ్యం లేదు.

రెండోది హిరణ్యకశిపుడి వరం. పగలూ రాత్రీ కాకూడదు, లోపలా బయటా కాకూడదు, నేలా ఆకాశమూ కాకూడదు, మనిషీ జంతువూ కాకూడదు. ప్రతి జంటలోనూ రెండు తలుపులూ మూసేశాడు, రెండింటి మధ్య గడప మర్చిపోయాడు. సంధ్య, గడప, ఒడి, నరసింహుడు, ప్రాణం ఉన్నవో లేనివో తేలని గోళ్ళు. పరిష్కారాలన్నీ సరిహద్దు మీదే దొరికాయి, ఒక్కటీ నియమాన్ని తెంచలేదు. మీ కథలో చిక్కు విప్పడానికి కొత్త నియమం తెస్తున్నారంటే ఆగండి, ముందు పాత నియమాల మధ్య సందు వెతకండి.

## దిద్దేటప్పుడు

నా పంక్తి నిజంగా లోతుగా ఉందా, లోతుగా ఉన్నట్టు అనిపిస్తోందా?

తిప్పి చూడండి. "మౌనమే అసలైన మాట" అని రాశారనుకుందాం. "మాటే అసలైన మౌనం" అని తిప్పండి. అదీ అంతే గంభీరంగా వినిపిస్తే రెండింటిలోనూ ఏమీ లేదు. తర్వాత వస్తువు మార్చి చూడండి. మౌనం బదులు చీకటి, దూరం, ఓటమి ఏది పెట్టినా సరిపోతే ఆ పంక్తి దేని గురించీ కాదు. మూడోది, విరోధం విడిపోయే అర్థాన్ని మామూలు మాటల్లో ఒక వాక్యంగా పక్కన రాయండి. రాయలేకపోతే, అది విడిపోని అనుభవమా లేక మీకే తెలియని మాటా అని నిజాయితీగా అడగండి. అనుభవమైతే దాని కింద ఒక దృశ్యం ఉంటుంది. దృశ్యం కూడా లేకపోతే కొట్టేయండి.

సామెతలే ఒకదానికొకటి విరుద్ధం. "నిదానమే ప్రధానం" అంటారు, "ఆలస్యం అమృతం విషం" అంటారు. మరి నా సంపుటిలో రెండు కవితలు ఒకదాన్నొకటి కొట్టేస్తే తప్పేంటి?

తప్పు లేదు. సామెత సందర్భాన్ని వెంటబెట్టుకుని వస్తుంది, అందుకే రెండూ బతికాయి. మీ సంపుటిలోనూ రెండు కవితలు విరుద్ధంగా ఉండవచ్చు, ఒక్కోదానికి దాని సందర్భం దానిలోనే ఉంటే. దిద్దేటప్పుడు అది మాత్రం చూసుకోండి. రెండింటినీ రాజీ చేసే మూడో కవిత రాయకండి, అది దాదాపు ఎప్పుడూ నీరసంగా వస్తుంది.

చదివినవాళ్ళు అర్థం కాలేదంటున్నారు. వివరణ కలపాలా?

ఎక్కడ ఆగిపోయారో అడగండి. విరోధమే కనబడలేదంటే రెండు మాటలూ దూరంగా ఉన్నాయి, దగ్గరికి తెండి. విరోధం కనబడింది, విడిపోలేదు అంటే రెండో అర్థానికి సూచన సరిపోలేదు. దాన్ని విరోధం తర్వాత కాకుండా ముందే, రెండు మూడు పంక్తుల పైన, మామూలు వస్తువులా పెట్టండి. తర్వాత పెడితే వివరణ అవుతుంది, ముందు పెడితే తాళంచెవి అవుతుంది.

అనువాదంలో విరోధాభాస నిలుస్తుందా?

వస్తువు మీద కట్టినది నిలుస్తుంది, శ్లేష మీద కట్టినది సామాన్యంగా నిలవదు. కువలయానందంలో విరోధాభాసకు ఇచ్చిన ఉదాహరణే చూడండి: హారం లేకపోయినా ఆమె వక్షోజాలు "హారిణౌ". ఆ మాటకు హారం కలవి అనీ, మనోహరమైనవి అనీ రెండర్థాలు. తెలుగులో "మనోహరం" అని రాయగానే విరోధం మాయమవుతుంది. అప్పుడు మీకు రెండు దారులు. శ్లేషను వదిలి, విరోధాన్ని కారణకార్యాల్లోకి మార్చి, "ఏ నగా లేకుండానే అలంకరించుకున్నట్టుంది" అని విభావనగా చెయ్యడం ఒకటి. లేదా మీ భాషలో దొరికే వేరే శ్లేషతో కొత్తగా కట్టడం. పన్ను అంటే దంతం, సుంకం కూడా: "పన్ను ఒక్కటీ మిగలని రాజు పన్నుల మీదే బతుకుతున్నాడు" అన్నది తెలుగులోనే పుడుతుంది, తెలుగు దాటి పోదు. పద్యం మొత్తానికి ఆ ఒక్క శ్లేషే ప్రాణమైతే రెండో దారి పట్టండి. అది చాలా అలంకారాల్లో ఒకటైతే మొదటిది చాలు. కింద వివరణ ఇచ్చి ఊరుకోవడం పాఠ్యపుస్తకానికి సరిపోతుంది, కవితగా చదివేవారికి సరిపోదు.